పత్తి కాలం, మగ్గాల వీధి: ఆదోని, ఎమ్మిగనూరు పట్టణాల శబ్దపటం – కొలత, చిత్రణ పద్ధతులు

వ్యాససంగ్రహం:
పట్టణ శబ్దాన్ని కొలిచి పటంగా చూపే పద్ధతులు ప్రధానంగా మహానగరాల వాహనరద్దీని దృష్టిలో ఉంచుకొని రూపొందాయి. కర్నూలు జిల్లా పశ్చిమభాగంలోని ఆదోని, ఎమ్మిగనూరు పట్టణాల శబ్దస్వరూపం వేరు. ఆదోని శబ్దం పత్తి రాకతో పెరిగి, పత్తి ముగియగానే తగ్గుతుంది. ఎమ్మిగనూరులో ఇల్లే పనిచోటు కావడం వల్ల శబ్దం వీధి నుంచి ఇంట్లోకి గాక, ఇంటి నుంచి వీధిలోకి ప్రసరించే సందర్భాలున్నాయి. ఒకే ఋతువులో, వీధి పక్కన మాత్రమే తీసిన కొలతలతో గీసిన పటం ఈ రెండు విషయాలనూ చూపలేదు. కొలత సూత్రాలను, చట్టపరమైన ప్రమాణాలను వివరించి, ఈ పట్టణాలకు తగిన సర్వేక్షణ పద్ధతిని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: శబ్దకాలుష్యం, డెసిబెల్, తుల్యధ్వనిస్థాయి, శబ్దపటం, జిన్నింగు, చేనేత, ఆదోని, ఎమ్మిగనూరు.

1. ఉపోద్ఘాతం

శబ్దకాలుష్యానికి ఒక ప్రత్యేకత ఉంది. నీటిలోని విషపదార్థం, గాలిలోని ధూళి ఏదో ఒక జాడను మిగులుస్తాయి. శబ్దం ఆగిన మరుక్షణమే దాని ఆనవాలు అదృశ్యమవుతుంది. దాని ఫలితం మాత్రం మనుషుల నిద్రలో, రక్తపోటులో, వినికిడిలో మిగులుతుంది. అందువల్ల శబ్దాన్ని అది పుట్టిన సమయంలోనే, పుట్టిన చోటనే కొలవాలి. అలా కొలిచిన విలువలను పట్టణపటంపై స్థానానుసారంగా, స్థాయినిబట్టి వేర్వేరు రంగులతో చూపితే దానిని శబ్దపటం అంటారు.

భారతదేశంలో 1981 నాటి వాయుకాలుష్య నివారణ చట్టాన్ని 1987లో సవరించి, శబ్దాన్ని కూడా వాయుకాలుష్యకాల నిర్వచనంలో చేర్చారు. 2000లో శబ్దకాలుష్య నియంత్రణ నిబంధనలు అమలులోకి వచ్చాయి. 2011లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి జాతీయ పరిసరశబ్ద పర్యవేక్షణ వ్యవస్థను ప్రారంభించింది. ఢిల్లీ, ముంబయి, కోల్‌కతా, చెన్నై, బెంగళూరు, లక్నో, హైదరాబాదు నగరాల్లో, నగరానికి 10 చొప్పున 70 కేంద్రాలు ఈ వ్యవస్థలో ఏర్పడ్డాయి. హైదరాబాదులో ఆబిడ్స్, జూబ్లీహిల్స్, సనత్‌నగర్, జూపార్కు వంటి చోట్ల ఉన్న కేంద్రాలు వరుసగా వాణిజ్య, నివాస, పారిశ్రామిక, నిశ్శబ్ద ప్రాంతాలకు ప్రాతినిధ్యం వహిస్తాయి.

ఈ నమూనా వెనుక ఒక భావన ఉంది: నగరాన్ని నాలుగు రకాల ప్రాంతాలుగా విడదీయవచ్చు, ఒక్కో రకానికి కొన్ని కేంద్రాలు చాలు. ఆదోని, ఎమ్మిగనూరు వంటి పట్టణాలలో ఈ భావన ఎంతవరకు నిలుస్తుందో పరిశీలించవలసి ఉంది.

2. డెసిబెల్ లెక్క

శబ్దస్థాయిని డెసిబెళ్లలో చెబుతారు. ఇది సంవర్గమానపు కొలబద్ద. సాధారణ సంకలనం, సాధారణ సగటు దీనికి వర్తించవు. ధ్వనిశక్తి రెట్టింపయితే స్థాయి 3 డెసిబెళ్లు పెరుగుతుంది. పదింతలయితే 10 డెసిబెళ్లు పెరుగుతుంది. ఒక యంత్రం ఒకచోట 85 డెసిబెళ్ల శబ్దం కలిగిస్తే, అటువంటి రెండు యంత్రాలు కలిసి 170 కాదు, 88 డెసిబెళ్లు కలిగిస్తాయి. నాలుగయితే 91, ఎనిమిదయితే 94.

మనిషి చెవి అన్ని పౌనఃపున్యాలనూ ఒకేలా గ్రహించదు. తక్కువ పౌనఃపున్యాలు చెవికి తక్కువగా వినిపిస్తాయి. ఈ తేడాను అనుసరించి కొలతను సవరించే పద్ధతిని ‘ఏ’ భారీకరణం అంటారు. ఈ వ్యాసంలోని విలువలన్నీ ఆ పద్ధతికి చెందినవే.

కాలంతోపాటు మారుతూ ఉండే శబ్దాన్ని ఒకే సంఖ్యలో చెప్పేది తుల్యధ్వనిస్థాయి. ఒక నిర్ణీత వ్యవధిలో మారుతూ వచ్చిన శబ్దం ఎంత శక్తిని కలిగి ఉన్నదో, అంతే శక్తిగల స్థిరమైన శబ్దపు స్థాయి అది. ఉదాహరణకు 16 గంటల పగటి వ్యవధిలో 15 గంటలు 60 డెసిబెళ్లు, ఒక గంట 80 డెసిబెళ్లు ఉన్నదనుకుందాం. సాధారణ సగటు 61.25. శక్తిపరమైన సగటు సుమారు 68.6. ఆ ఒక్క గంట మొత్తం దినపు విలువను శాసిస్తుంది. కొలిచేవారు ఆ గంటను తప్పిపోతే ఫలితం 60గానే మిగులుతుంది.

దూరంతో శబ్దం తగ్గే తీరు మూలాన్ని బట్టి మారుతుంది. ఒకే బిందువు నుంచి వచ్చే శబ్దం, అడ్డంకులు లేనిచోట, దూరం రెట్టింపయిన ప్రతిసారీ 6 డెసిబెళ్లు తగ్గుతుంది. 10 మీటర్ల వద్ద 80 ఉన్నది 20 మీటర్ల వద్ద 74, 40 మీటర్ల వద్ద 68 అవుతుంది. ఎడతెగని వాహనాల రహదారి రేఖామూలం వంటిది. అక్కడ దూరం రెట్టింపయితే తగ్గుదల 3 డెసిబెళ్లే. మిల్లు, రహదారి ఒకే పటంలో ఉన్నప్పుడు ఈ రెండు తీరులనూ విడివిడిగా లెక్కించాలి.

3. చట్టం గుర్తించిన నాలుగు ప్రాంతాలు

2000 నాటి నిబంధనల ప్రకారం ఉదయం 6 నుంచి రాత్రి 10 వరకు పగలు. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు రాత్రి. పారిశ్రామిక ప్రాంతానికి పగలు 75, రాత్రి 70. వాణిజ్య ప్రాంతానికి 65, 55. నివాస ప్రాంతానికి 55, 45. నిశ్శబ్ద ప్రాంతానికి 50, 40 డెసిబెళ్లు పరిమితులు. నిర్ణీత ప్రమాణాన్ని 10 డెసిబెళ్లు లేదా అంతకుమించి దాటినప్పుడు పౌరుడు సంబంధిత అధికారికి ఫిర్యాదు చేయవచ్చు.

ఈ రెండు అంశాలను కలిపి చూస్తే వర్గీకరణ ఎంత కీలకమో తెలుస్తుంది. ఒక ఇల్లు నివాస ప్రాంతంలో ఉన్నట్లు పరిగణిస్తే రాత్రి 55 డెసిబెళ్ల వద్ద ఆ ఇంటివారికి ఫిర్యాదు హక్కు లభిస్తుంది. అదే ఇల్లు పారిశ్రామిక ప్రాంతంలో ఉన్నట్లు పరిగణిస్తే 80 డెసిబెళ్ల వరకు ఆ హక్కు లేదు. గోడలు, మనుషులు, నిద్ర మారలేదు. మారినది పటంపై రంగు మాత్రమే. ఆ రంగు మార్పు విలువ 25 డెసిబెళ్లు, అనగా ధ్వనిశక్తిలో 300 రెట్లకు పైగా.

మిశ్రమ ప్రాంతాలను పై నాలుగింటిలో ఏదో ఒకదానిగా ప్రకటించవచ్చునని నిబంధనలు చెబుతున్నాయి. ఆసుపత్రులు, విద్యాసంస్థలు, న్యాయస్థానాల పరిసరాలను నిశ్శబ్ద ప్రాంతాలుగా భావించే ఏర్పాటుకు 2017లో ఒక షరతు చేరింది. రాష్ట్రప్రభుత్వం ప్రకటిస్తే తప్ప ఏ ప్రాంతమూ నిశ్శబ్ద ప్రాంతం కాదని ఆ సవరణ స్పష్టం చేసింది. కాబట్టి కొలతలతో కూడిన పటం ప్రకటనకు ముందు ఉండవలసిన ఆధారం.

4. రెండు పట్టణాల శబ్దస్వరూపం

4.1 ఆదోని: 2011 జనాభా లెక్కల ప్రకారం ఆదోని పురపాలక పట్టణ జనాభా 1.66 లక్షలు. పత్తి వ్యాపారం వల్ల ‘రెండవ బొంబాయి’ అని పేరుపొందిన ఈ పట్టణం ముంబయి–చెన్నై రైలుమార్గంలో, గుంతకల్లు–రాయచూరు మధ్య ఉంది. వ్యవసాయ మార్కెట్ యార్డు, జిన్నింగు మిల్లులు, నూనెమిల్లులు పట్టణ జీవితంలో భాగాలు.

జిన్నింగు మిల్లులో శబ్దానికి మూలాలు పలు విధాలు. గింజ నుంచి దూదిని వేరుచేసే రోలర్లు, కత్తులు నిరంతరం ఒరుసుకుంటాయి. దూదిని గొట్టాల ద్వారా తరలించే ఫ్యాన్లు గాలి హోరును పుట్టిస్తాయి. బేళ్లను బిగించే ప్రెస్సు ఆగి ఆగి చప్పుడు చేస్తుంది. మిల్లు వెలుపల పత్తిబండ్లు, లారీలు, ట్రాక్టర్లు బారులు తీరుతాయి. ఇదంతా పత్తి మార్కెట్టుకు వచ్చే నెలలతో ముడిపడి ఉంది. స్థూలంగా అక్టోబరు నుంచి మార్చి వరకు ఈ సందడి ఉంటుంది.

ఈ ఋతుభేదం ఫలితాన్ని ఎలా మారుస్తుందో ఒక కల్పిత ఉదాహరణ చూపుతుంది. మిల్లు పక్క వీధిలో రాత్రి శబ్దం నాలుగు నెలలు 70, మిగిలిన ఎనిమిది నెలలు 50 డెసిబెళ్లు అనుకుందాం. శక్తిపరంగా వార్షిక సగటు 65.3 వస్తుంది. మే నెలలో మాత్రమే కొలిస్తే ఫలితం 50. మొదటి సంఖ్య ఏ రాత్రి అనుభవానికీ సరిపోదు. రెండవది పత్తి నెలల బాధను పూర్తిగా చెరిపివేస్తుంది. రెండు ఋతువులకు రెండు విలువలు చెప్పడమే సత్యానికి దగ్గర.

వాతావరణం కూడా ఇదే దిశలో పనిచేస్తుంది. శీతకాలపు నిర్మలమైన రాత్రులలో నేలకు దగ్గరి గాలి చల్లగా, పైగాలి కొంత వెచ్చగా ఉంటుంది. ఈ ఉష్ణోగ్రతా విలోమం వల్ల పైకి పోవలసిన ధ్వనితరంగాలు తిరిగి నేలవైపు వంగుతాయి. పగలు వినిపించని దూరపు యంత్రం రాత్రి స్పష్టంగా వినిపించడానికి కారణం ఇదే. పత్తి కాలం, విలోమం బలంగా ఉండే కాలం ఒకటే కావడం ఆదోని విషయంలో గమనించదగినది.

రైలు శబ్దం మరొక తరహాకు చెందుతుంది. 40 డెసిబెళ్ల నిశ్శబ్దపు రాత్రిలో 20 సెకన్లపాటు 90 డెసిబెళ్ల కూత ఒక్కసారి వినిపించినా, ఎనిమిది గంటల తుల్యధ్వనిస్థాయి 58 దాటుతుంది. అటువంటి కూతలు పదియైతే 68 దాటుతుంది. అయినా ఆ రాత్రి ఎన్నిసార్లు నిద్ర చెదిరిందో ఈ సంఖ్య చెప్పదు. కాబట్టి రైలుమార్గం దగ్గర తుల్యధ్వనిస్థాయితోపాటు గరిష్ఠస్థాయిని, ఘటనల సంఖ్యను కూడా నమోదు చేయాలి.

4.2 ఎమ్మిగనూరు: ఆదోనికి సుమారు 30 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఎమ్మిగనూరు జనాభా 2011లో 95,149. పట్టణం గుండా రైలుమార్గం లేదు. ఆదోని, మంత్రాలయం, కర్నూలు వైపు సాగే రహదారుల రాకపోకలు ప్రధాన శబ్దమూలాలలో ఒకటి. పట్టణపు గుర్తింపు మాత్రం నేతతో ముడిపడి ఉంది. 1938లో మాచాని సోమప్ప స్థాపించిన చేనేత సహకార సంఘం ఈ ఊరి పేరును దేశమంతటా వినిపించింది. 1954లో ఆయనకు పద్మశ్రీ లభించింది.

నేతపని జరిగే ఇంట్లో మగ్గం ఉన్న గది, నిద్రించే గది, పిల్లలు చదువుకునే గది ఒకటే కావచ్చు. గుంటమగ్గంలో నాడె పరుగు, పలక దెబ్బ క్రమబద్ధంగా వినిపిస్తాయి. మరమగ్గమైతే ఆ దెబ్బలు చేతి వేగాన్ని మించి, ఎడతెగక సాగుతాయి. మగ్గం చేత్తో నడిచేదైనా, విద్యుత్తుతో నడిచేదైనా శబ్దానికి అందరికంటే దగ్గరగా ఉండేవారు ఆ ఇంటివారే. సాధారణ శబ్దపటం వీధిలో కొలిచి, గోడలు శబ్దాన్ని తగ్గిస్తాయని, ఇంట్లో మరింత నిశ్శబ్దం ఉంటుందని భావిస్తుంది. మగ్గాల వీధిలో ఈ భావన తలకిందులవుతుంది. వీధి విలువ ఇంటి విలువకన్నా తక్కువ.

వృత్తిపరమైన రక్షణ కూడా ఇక్కడ అందదు. కర్మాగారాల నిబంధనలు 8 గంటల పనికి 90 డెసిబెళ్ల పరిమితిని పాటిస్తాయి. శబ్దం వల్ల కలిగే వినికిడి నష్టం 1948 నాటి కర్మాగారాల చట్టంలోని మూడవ షెడ్యూలులో ప్రకటించవలసిన వ్యాధిగా చేరింది. అయితే ఆ చట్టం విద్యుత్తు వాడేచోట 10 మంది, వాడనిచోట 20 మంది కార్మికులుంటేనే కర్మాగారంగా గుర్తించింది. 2020 నాటి వృత్తిభద్రతా స్మృతి ఆ సంఖ్యలను 20, 40కి పెంచింది. ఒకటి రెండు మగ్గాల ఇల్లు ఏ లెక్కలోనూ కర్మాగారం కాదు. పరిసరశబ్ద నిబంధనలు వీధిని చూస్తాయి. కర్మాగార నిబంధనలు మిల్లును చూస్తాయి. మగ్గమున్న ఇల్లు ఈ రెండింటి నడుమ మిగిలిపోతుంది.

సంక్రాంతి తరువాత జరిగే నీలకంఠేశ్వరస్వామి జాతర ఎమ్మిగనూరు శబ్దపంచాంగంలో మరొక ఘట్టం. పండుగ సందర్భాలలో రాత్రి 10 నుంచి 12 వరకు మైకులకు, ఏడాదికి 15 రోజులు మించకుండా, ప్రభుత్వం అనుమతినివ్వవచ్చు. జాతర దినాలను సాధారణ దినాలతో కలిపి సగటు తీయడం సరికాదు. వాటిని విడిగా నమోదు చేయాలి.

5. ఎక్కడ, ఎప్పుడు, ఎలా కొలవాలి

పటాన్ని 250 మీటర్ల చదరపు గడులుగా విభజిస్తే చదరపు కిలోమీటరుకు 16 కొలతస్థానాలు వస్తాయి. ఒక్కోచోట 24 గంటలు కొలవడానికి ఒకే పరికరంతో 16 రోజులు, నాలుగు పరికరాలతో 4 రోజులు పడుతుంది. కళాశాలల భౌతిక, భూగోళ, పర్యావరణ శాస్త్ర విభాగాలు కలిసి నిర్వహించదగిన పని ఇది. మిల్లులు, మార్కెట్ యార్డు, రైల్వేస్టేషను, బస్టాండు, ఆసుపత్రులు, మగ్గాల వీధుల దగ్గర గడులను 100 మీటర్లకు కుదించడం మేలు.

కాలవిభజనలో కనీసం నాలుగు సందర్భాలు ఉండాలి: పత్తి కాలపు పనిదినం, పత్తి కాలపు సెలవుదినం, పత్తి లేని కాలపు పనిదినం, జాతర లేదా పండుగ దినం. నాలుగింటిలోనూ పగలు, రాత్రి విడివిడిగా నమోదు కావాలి. మొదటి రెండింటి తేడా మిల్లు, మార్కెట్టు పనిదినాల వాటాను చూపుతుంది. మొదటి, మూడవ సందర్భాల తేడా పత్తి వాటాను చూపుతుంది.

పరికరం అంతర్జాతీయ ప్రమాణాల ప్రకారం మొదటి లేదా రెండవ తరగతికి చెందిన ధ్వనిమాపకం కావాలి. ప్రతి కొలతకు ముందు, తరువాత 94 డెసిబెళ్ల ప్రామాణిక ధ్వనితో సరిచూడాలి. మైక్రోఫోను నేల నుంచి 1.2 నుంచి 1.5 మీటర్ల ఎత్తులో, వీలైనంతవరకు గోడలకు 3.5 మీటర్ల దూరంలో ఉండాలి. గోడకు చేరువైతే ప్రతిధ్వని వల్ల 3 డెసిబెళ్ల వరకు అదనంగా నమోదు కావచ్చు. ఇరుకైన వీధుల్లో ఆ దూరం దొరకనప్పుడు గోడ దూరాన్ని తప్పక రాసుకోవాలి. గాలి వేగం సెకనుకు 5 మీటర్లు దాటితే కొలత ఆపాలి. నైరుతి ఋతుపవనాల వేళ రాయలసీమలో గాలి బలంగా వీస్తుంది గనుక ఆ నెలల్లో ఈ జాగ్రత్త మరింత అవసరం.

మగ్గమున్న ఇళ్లలో వీధి కొలతతోపాటు మరో రెండు కావాలి: నేసేవారి చెవి దగ్గర ఒకటి, అదే ఇంట్లో నిద్రించే చోట ఒకటి. ఇంటివారి అనుమతి తీసుకోవడం, ఇంటి గుర్తింపును పటంపై చూపకపోవడం పరిశోధకుల బాధ్యత. లేకపోతే సర్వేక్షణ ఫలితం నేతకారులపైనే ఫిర్యాదుగా మారే ప్రమాదముంది.

స్మార్ట్‌ఫోన్లతో కొలిచే అనువర్తనాలు విస్తృత సమాచారానికి ఉపకరిస్తాయి. అయితే ఫోనుకు ఫోనుకు మైక్రోఫోను స్పందన మారుతుంది. ధ్వనిమాపకం పక్కన ఉంచి ప్రతి ఫోను దోషాన్ని ముందుగా నిర్ధారించుకున్నప్పుడే ఆ విలువలు ఆధారాలవుతాయి.

6. కొలతల నుంచి పటం వరకు

బిందువుల విలువల నుంచి మధ్యస్థలాల విలువలను అంచనా వేసే పద్ధతి అంతర్వేశనం. దూరానికి విలోమంగా ప్రాధాన్యమిచ్చే పద్ధతి, క్రిగింగ్ అనే సాంఖ్యక పద్ధతి జీఐఎస్ సాధనాలలో లభిస్తాయి. క్యూజీఐఎస్ వంటి ఉచిత సాధనం ఇందుకు చాలు. కానీ అంతర్వేశనానికి గోడ తెలియదు, కొండ తెలియదు. రెండు వీధుల్లో కొలిచిన విలువల నడుమ ఉన్న ఇళ్ల వరుస శబ్దాన్ని అడ్డుకుంటుందన్న సంగతిని అది గ్రహించదు. ఆదోని కోట నిలిచిన రాతికొండల వంటి అడ్డంకులు, ప్రతిఫలక తలాలు ఉన్నచోట ఈ లోపం పెద్దదవుతుంది.

రెండవ మార్గం గణన నమూనా. వాహనాల సంఖ్య, వేగం, మూలాల శక్తి, భవనాల ఎత్తు, నేల స్వభావం తీసుకొని ప్రతి బిందువు వద్ద శబ్దాన్ని లెక్కిస్తుంది. ఐరోపా దేశాల ఉమ్మడి పద్ధతి సీనాసస్ ఇటువంటిదే. దానిని అనుసరించే నాయిస్‌మోడలింగ్ అనే ఉచిత సాధనం కూడా ఉంది. 2002 నాటి ఐరోపా ఆదేశం ఒక లక్షకు మించిన జనాభాగల పట్టణసముదాయాలకు అయిదేళ్లకొకసారి శబ్దపటాన్ని తప్పనిసరి చేసింది. ఆ కొలబద్దతో చూస్తే ఆదోని పటం గీయవలసిన పట్టణం. ఎమ్మిగనూరు 2011 నాటికే దానికి చేరువలో ఉంది.

ఐరోపా నమూనాలను యథాతథంగా స్వీకరించడం కుదరదు. వాటి వాహనమూలాల లెక్కల్లో ఆటోలు, ట్రాక్టర్లు, ఎడతెగని హారన్లు మన వీధుల్లో ఉన్నట్లు లేవు. కాబట్టి నమూనాతో లెక్కించి, క్షేత్రకొలతలతో సరిచూసి, తేడాను బట్టి మూలవిలువలను సవరించాలి. కొలతస్థానాలలో కొన్నింటిని నమూనా తయారీలో వాడకుండా పరీక్షకోసం విడిగా ఉంచితే పటం నమ్మదగినదో కాదో తేలుతుంది.

చివరి దశ జనాభాను పటంతో జోడించడం. ఎన్ని చదరపు మీటర్లు 55 దాటాయన్నదానికన్నా, ఎందరు మనుషులు ఆ స్థాయికి లోనయ్యారన్నది ముఖ్యం. కర్నూలు పశ్చిమభాగంలో సుగ్గికి తరలివెళ్లే కుటుంబాలు అనేకం. ఆయా నెలల్లో ఎవరు ఊరిలో ఉన్నారన్నది జనాభా లెక్కల పట్టికలో కనిపించదు. అందువల్ల శబ్దానికి లోనయ్యేవారి లెక్కను కూడా ఋతువారీగా తయారుచేయాలి.

7. పటం ప్రయోజనం

ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐరోపా విభాగం 2018 మార్గదర్శకాలలో రహదారి శబ్దం రాత్రివేళ 45, రైలు శబ్దం 44 డెసిబెళ్లకు మించకుండా చూడాలని సూచించింది. భారతీయ నివాస ప్రాంతపు రాత్రి పరిమితి కూడా 45. ప్రమాణాలలో పెద్ద తేడా లేదు. ఏ ఇంటికి ఏ ప్రమాణం వర్తిస్తుందన్నదే ప్రశ్న.

రెండు ఋతువుల పటం ఉంటే ఆదోనిలో మిల్లుల ఫ్యాన్లకు ధ్వనిశోషకాలు ఎక్కడ ముందుగా అమర్చాలో, పత్తి లారీలు రాత్రి ఏ దారిలో నిలవాలో, ఏ ఆసుపత్రి పరిసరాలను నిశ్శబ్ద ప్రాంతంగా ప్రకటించమని కోరాలో నిర్ణయించవచ్చు. ఎమ్మిగనూరులో నేతకారులకు వినికిడి పరీక్షలు ఏ వీధుల నుంచి మొదలుపెట్టాలో తెలుస్తుంది. మగ్గం కింద కంపనాన్ని తగ్గించే మెత్తని పొర, పనిగదికీ పడకగదికీ నడుమ గోడ వంటి చిన్న సహాయాలకు ఆధారం దొరుకుతుంది. ఇవేవీ పరిశ్రమను, చేనేతను ఊరి నుంచి వెళ్లగొట్టే చర్యలు కావు.

8. ముగింపు

శబ్దపటం నిజాన్ని చూపుతుందని సాధారణ విశ్వాసం. వాస్తవానికి అది కొలిచిన సమయాన్ని, కొలిచిన చోటును మాత్రమే చూపుతుంది. మే నెలలో గీసిన ఆదోని పటం ప్రశాంతంగా కనిపిస్తుంది. వీధి అంచున గీసిన ఎమ్మిగనూరు పటంలో మగ్గాల వీధి సాధారణ నివాస వీధిగా కనిపిస్తుంది. రెండు పటాలలోనూ అంకెలు తప్పు కాకపోవచ్చు, ప్రశ్న తప్పు. పత్తి కాలాన్ని, ఇంటి లోపలి మగ్గాన్ని సర్వేక్షణ ప్రణాళికలో మొదటే చేర్చుకున్నప్పుడు ఈ పట్టణాల శబ్దం పటంపైకి ఎక్కుతుంది. నాలుగు ప్రాంతాల వర్గీకరణలో ఇమడని ఇళ్లకు ఏ ప్రమాణం వర్తింపజేయాలన్న చర్చకు అప్పుడే దృఢమైన ఆధారం ఏర్పడుతుంది.